ఐసీఎఫ్ గోడలతో ఇల్లు కట్టుకున్నాం: డబ్బు ఎక్కడ పోయిందో చెబుతాను

మా ఇంటి గోడలు ఐసీఎఫ్‌వే (ఇన్సులేటెడ్ కాంక్రీట్ ఫార్మ్స్), అంటే థర్మాకోల్ పలకల మధ్య కాంక్రీటు పోసిన గోడలు. డాలస్‌కు ఉత్తరాన డెంటన్ కౌంటీలో, ఊరి హద్దులు దాటాక ఒక ఎకరం స్థలం, ఒకటే అంతస్తు, 2400 చదరపు అడుగులు. 2019 ఆగస్టులో గోడలు పోయించాం, 2020 మార్చిలో గృహప్రవేశం. మీరు అడిగింది ఏమిటంటే: ఇక్కడ మామూలుగా కట్టే కర్ర ఫ్రేము ఇంటికన్నా గోడ చదరపు అడుక్కి 6 డాలర్లే ఎక్కువ అని మీ బిల్డరు అంటున్నాడు, నమ్మొచ్చా, అది కరెంటు బిల్లులో తిరిగొస్తుందా, గుంటూరులో అమ్మానాన్నలకు కట్టించే ఇంటికి కూడా ఇదే చేయించొచ్చా అని. ఆయన చెప్పిన 6 డాలర్లు అబద్ధమేమీ కాదు. మీ జేబులోంచి పోయేది మాత్రం ఆ 6 డాలర్లతో ఆగదు.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. మన దగ్గర సెంట్రింగ్ కొట్టి, కాంక్రీటు పోసి, గట్టిపడ్డాక చెక్కలు విప్పేస్తాం కదా, ఇక్కడ ఆ చెక్కల స్థానంలో రెండున్నర అంగుళాలు దాటిన మందంతో రెండు థర్మాకోల్ పలకలు ఉంటాయి, వాటిని ప్లాస్టిక్ బద్దలు కలిపి పట్టుకుంటాయి, మధ్యలో ఆరంగుళాల ఖాళీ. పిల్లల లెగో బొమ్మల్లా ఒకదానిమీద ఒకటి నొక్కుకుంటూ గోడంతా పేర్చి, లోపల అడ్డంగా నిలువుగా ఊచలు పెట్టి, పైనుంచి పంపుతో కాంక్రీటు పోస్తారు. ఆ పలకలు ఇక విప్పేది లేదు, అదే ఇన్సులేషన్, అంటే వేడినీ చలినీ ఆపే పొర. మా మామగారు అప్పుడు తెనాలి నుంచి వచ్చి ఉన్నారు. పేర్చిన గోడని వేలితో తట్టి చూసి "వినాయక చవితి పందిరికి తెచ్చినట్టు తెచ్చారేంటయ్యా" అన్నారు. కాంక్రీటు పోసేదాకా ఆయనకి నమ్మకం కుదరలేదు. నిజం చెప్పాలంటే నాకూ అంతే.

ఇక లెక్కలు. గోడ చుట్టుకొలత 220 అడుగులు, ఎత్తు 10 అడుగులు. కిటికీలు, తలుపులు, గరాజ్ తలుపు తీసేస్తే 1900 చదరపు అడుగుల గోడ మిగిలింది. ఒక్కో బ్లాకు నాలుగడుగుల పొడవు, పదహారంగుళాల ఎత్తు. కోతల్లో పోయేవి కలిపి 375 బ్లాకులు, ఒక్కోటి 22 డాలర్ల చొప్పున 8,250. ఆరంగుళాల గోడకి ఒక క్యూబిక్ యార్డు కాంక్రీటు 54 చదరపు అడుగులకి వస్తుంది, మాకు 35 యార్డులు పట్టింది, అది 4,700 పైచిలుకు. ఊచలు 1,900, పంపు 1,000, గోడ నిటారుగా నిలబెట్టే ఇనుప సపోర్టుల అద్దె 1,300, కిటికీ తలుపుల చట్రాలకి కర్ర 1,800, కూలి 10,500. మొత్తం దాదాపు 29,500, అంటే చదరపు అడుక్కి పదిహేనున్నర. అదే బిల్డరు కర్ర గోడకి, పైన కొట్టే చెక్క షీటింగూ లోపల కూరే ఫైబర్‌గ్లాస్ ఇన్సులేషనూ అన్నీ కలిపి, తొమ్మిదిన్నర చెప్పాడు. తేడా ఆరే. ఇక్కడిదాకా మీ బిల్డరు చెప్పింది సరిపోయింది.

అసలు కథ కింద, పునాదిలో ఉంది. ఈ డాలస్ చుట్టుపక్కల నేల మన గుంటూరు నల్లరేగడిలాంటిదే, వానకి ఉబ్బుతుంది, ఎండకి నెర్రెలిస్తుంది. దానిమీద అడుగు పొడవుకి 750 పౌండ్ల బరువుండే గోడ పెడుతున్నాం. కర్ర గోడైతే అందులో ఐదో వంతు కూడా ఉండదు. ఇంజినీరు పునాది స్లాబ్ అంచు కింద బీము లోతు పెంచాడు, స్టీలు పెంచాడు, 5,000 డాలర్లు అక్కడే ఎగిరిపోయాయి. బిల్డరు కొటేషన్‌లో ఈ లైను లేదు, ఎందుకంటే అది "గోడ" కాదట! ఇల్లు గాలి చొరబడనంత బిగుతుగా ఉంటుంది కాబట్టి బయటి గాలి తెచ్చే వెంటిలేటర్ మిషను తప్పదు, దానికి ఇంకో 2,200. ఏసీ మాత్రం తగ్గింది. మామూలుగా ఇక్కడి ఏసీవాళ్లు 500 చదరపు అడుగులకి ఒక టన్ను అని కళ్లు మూసుకుని చెప్పేస్తారు, ఆ లెక్కన మాకు 5 టన్నులు. నేను పట్టుబట్టి గది గదికీ వేడి లెక్క కట్టించాను, 3 టన్నులు చాలన్నారు, 3,000 మిగిలింది. ఈ లెక్క కట్టించకపోతే ఐసీఎఫ్ పెట్టి కూడా పెద్ద ఏసీయే బిగిస్తారు, అది ఐదు నిమిషాలు తిరిగి ఆగిపోతూ ఉంటుంది, ఇల్లంతా చెమ్మగా ఉంటుంది.

కూడికలు తీసివేతలు అయ్యాక మాకు ఎక్కువైంది 15,600 డాలర్లు. స్థలం కాకుండా ఇంటికైన 3,60,000లో ఇది నాలుగు శాతం చిల్లర. మా కొలతలో కర్ర ఇల్లున్న ఫ్రెండ్ బిల్లుతో పోలిస్తే ఏడాదికి 700 డాలర్ల దాకా ఆదా అవుతోంది, అంటే తిరిగి రావడానికి 22 ఏళ్లు. పోనీ అమ్మితే వస్తుందా అంటే, బ్యాంకు పంపిన అప్రైజర్ (ఇంటికి విలువ కట్టేవాడు) గోడని అసలు పట్టించుకోనేలేదు, చుట్టుపక్కల ఇళ్లు ఏ రేటుకి అమ్ముడయ్యాయో అదే రాసుకుని పోయాడు. ఐదారేళ్లలో అమ్మేసే ఉద్దేశం ఉంటే వద్దు అనే చెబుతాను. (2021 మేలో కలప ధరలు ఆకాశానికంటినప్పుడు ఈ తేడా దాదాపు లేకుండా పోయింది. మీరు కొటేషన్లు తీసుకునేటప్పుడు రెండూ ఒకే వారంలో తీసుకోండి.)

మరి ఎందుకు కట్టుకున్నామంటే, ఒకటి సుడిగాలుల భయం. రెండోది కట్టేటప్పుడు అనుకోనిది. 2021 ఫిబ్రవరిలో మంచు తుఫాను గుర్తుందా, 16వ తేదీన డాలస్‌లో మైనస్ 2 ఫారెన్‌హీట్‌కి పడిపోయింది. మాకు దాదాపు 30 గంటలు కరెంటు లేదు. ఇంట్లో 70 దగ్గరున్నది 59కి దిగి ఆగింది, స్వెట్టర్లు వేసుకుని క్యాంపింగ్ స్టవ్ మీద టీ పెట్టుకుంటే గడిచిపోయింది. (గరాజ్‌లో తలుపు తీసి పెట్టి! ఇంత బిగుతు ఇంట్లో లోపల స్టవ్ వెలిగించకండి.) పది మైళ్ల అవతల మా ఫ్రెండ్ వాళ్ల కర్ర ఇల్లు 41కి పడిపోయి, అటకలో పైపు పగిలి సీలింగు ఊడిపడింది. వాళ్లు మా ఇంటికి వచ్చేశారు.

మీరే స్వయంగా పేర్చుకోవచ్చా అన్నారు. పేర్చడం కష్టం కాదు, పోసేరోజే టెన్షన్. ఆ రోజు ఎండకి కాంక్రీటు తొందరగా బిగుసుకుంటుందని తెల్లారకముందే మొదలుపెట్టాం. ఒక్కసారిగా పైదాకా పోయకూడదు, మూడు నాలుగడుగులు పోసుకుంటూ ఇల్లంతా చుట్టి వచ్చి, మళ్లీ పైన ఇంకో వరస. రెండో చుట్టులో లాండ్రీ గది మూల కిటికీ కింద ముందు కిర్రుమని చప్పుడైంది, ఆ తర్వాత బ్లాకు ముఖం పొట్టలా ఉబ్బి పగిలింది. అక్కడ బ్లాకుని కోసి అతికించినచోట లోపలి ప్లాస్టిక్ బద్ద తెగిపోయింది, బయటినుంచి పట్టీ కొట్టాల్సింది, పనివాళ్లు మర్చిపోయారు. అర యార్డు కాంక్రీటు పచ్చి పచ్చిగా నేలమీదకి జారింది. పంపు ఆపించి, ప్లైవుడ్ ముక్క అడ్డం పెట్టి స్క్రూలు బిగించి, కర్రతో ఎదురు దన్ను పెట్టి, పారలతో ఎత్తిపోసి, ముప్పావుగంటలో మళ్లీ మొదలుపెట్టాం. ఆ ముప్పావుగంటా మూడో ట్రక్కు డ్రమ్ము తిప్పుకుంటూ రోడ్డుమీదే ఉంది, వెయిటింగ్ చార్జీ వేశాడు. ఈ పని ఇంతకుముందు చేసిన టీము కాకపోతే ఒప్పుకోకండి. వాళ్లు కట్టిన ఒక ఇల్లు చూపించమనండి, పోసిన తర్వాత కాదు, పోయడానికి ముందురోజు. కోసిన ప్రతి అతుకు మీదా పట్టీ ఉందా చూడండి.

ఇంకో సంగతి, డబ్బంతా మూలల్లో, ఓపెనింగుల్లో ఉంటుంది. ప్లానులో వంపులు, బే విండోలు, కోణాలు ఎన్ని ఉంటే కూలి అంత పెరుగుతుంది. నలుచదరంగా ఉండే ప్లాను చవక. గోడ వేడిని ఎంత ఆపుతుందో చెప్పే ఆర్ వాల్యూ 22, 24 దగ్గర ఉంటుంది. ఐసీఎఫ్ అంటే 50తో సమానం అని చెప్పే సేల్స్ వాళ్ల మాట నేనైతే వినను. అటక ఇన్సులేషన్ అలాగే వదిలేసి గోడలకి మాత్రం ఇంత పెట్టడం గొడుగు లేకుండా రెయిన్‌బూట్లు కొన్నట్టు, ముందు పైకప్పు సంగతి చూడండి.

చిన్న చిన్న చిరాకులున్నాయి. పొయ్యి పొగ గొట్టానికి పైపు పెట్టడం మర్చిపోయాం, తర్వాత గోడకి రంధ్రం కొట్టించడానికి 450 డాలర్లు. వైఫై పెరట్లోకి రాదు. థర్మాకోల్‌ని చెదపురుగులు తినవు కానీ అందులో సొరంగాలు తవ్వుకుంటూ కర్ర దాకా పోతాయి, అందుకని నేలకి పైన ఆరంగుళాలు కంటికి కనపడేలా ఖాళీ ఉంచమన్నారు, పూలమొక్కల మట్టి గోడకి ఆనించనివ్వం. పోసేముందు కొలిచే టేపు పెట్టి ప్రతి గోడనీ ఫొటో తీసుకోండి, నేను ఇప్పటికీ టీవీ బిగించాలంటే ఆ ఫొటోలే చూస్తాను.

గుంటూరు ఇంటికి మాత్రం ఆ ఆలోచన మానేయండి. అక్కడ మేస్త్రీకి ఇది తెలియదు, బ్లాకులు ఎక్కడినుంచో తెప్పించాలి, పగిలితే పక్కన నిలబడేవాళ్లుండరు. అక్కడ ఇల్లు ఎలాగూ కాంక్రీటు పిల్లర్లే, మధ్యలో ఇటుక బదులు ఏఏసీ బ్లాకులు (లోపల గాలి బుడగలుండే తేలిక కాంక్రీటు దిమ్మెలు) పెట్టించండి, దొరుకుతాయి, కట్టడం అందరికీ వచ్చు. ఇక మే నెలలో పైగది పెనంలా కాలేది గోడలవల్లకన్నా డాబా స్లాబ్ వల్ల. మిగిలిన డబ్బు డాబాకి పెట్టండి, తెల్లటి కూల్ పెయింటో, తెల్ల టైల్సో. మా మామగారింట్లో పోయినేడు సున్నంలాంటి తెల్ల పెయింటు కొట్టించారు, పైగదిలో మధ్యాహ్నం పడుకోగలుగుతున్నామని అత్తగారు ఫోన్‌లో చెప్పారు.