నాచు మొక్కల మీద పరిశోధనకు భవిష్యత్తు ఉందా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ బోటనీ చివరి సంవత్సరం చదువుతోంది. ఫిస్కోమిట్రియం అనే నాచు మొక్క మీద పరిశోధన చేస్తానని పట్టుబడుతోంది. ఈ చదువుతో ఉద్యోగం వస్తుందా? – ఒక తండ్రి

జవాబు: మనం చెరువులోని శైవలాన్నీ, గోడమీద మొలిచే మాస్ మొక్కనూ కూడా నాచు అనే పిలుస్తాం కనుక మీ సందేహం సహజమే. మీ అమ్మాయి చెబుతున్నది రెండోదాన్ని గురించి. అది డిగ్రీ పాఠాల్లోని ఫ్యునేరియా అనే మాస్ కుటుంబానికే చెందినది.

ఫిస్కోమిట్రియం ప్రజాతిలోని (జీనస్, అంటే దగ్గరి జాతుల సమూహం) ఫిస్కోమిట్రియం పేటెన్స్‌ను ప్రయోగశాలలు ఎంచుకోవడానికి గట్టి కారణం ఉంది. మనకు కనిపించే ఆకుపచ్చని మొక్క ఏకస్థితికం, అంటే దాని కణాల్లో క్రోమోజోములు ఒక్కొక్క ప్రతిగానే ఉంటాయి కనుక, ఒక జన్యువును తొలగిస్తే దాని ఫలితం మరుగుపడకుండా ఆ మొక్కలోనే బయటపడుతుంది. పైగా, బయటినుంచి ఇచ్చిన డీఎన్ఏను జన్యుపదార్థంలో మనం కోరుకున్న చోటనే చేర్చుకునే సామర్థ్యం ఇతర మొక్కలకంటే దీనికి చాలా ఎక్కువ. 1962లో ఇంగ్లండ్‌లోని గ్రాన్స్‌డెన్ అడవిలో సేకరించిన మొక్క సంతతి నేటికీ ప్రయోగశాలల్లో పెరుగుతోంది. దాని జన్యుపటాన్ని 2008లో ప్రచురించారు. ఫాబ్రీ అనే అరుదైన వంశపారంపర్య వ్యాధి చికిత్సకు అవసరమైన ఎంజైమును ఈ మొక్కలో తయారుచేసి మనుషులపై పరీక్షించారు కూడా.

వర్గీకరణ మరింత ఆసక్తికరమైనది. సిద్ధబీజాలు (స్పోర్లు) ఉండే చిన్న సంచిని గుళిక అంటారు. ఫ్యునేరియా గుళిక నోటి చుట్టూ రెండు వరుసల దంతాలుంటాయి, ఫిస్కోమిట్రియంలో దంతాలుండవు. పేటెన్స్ గుళికకు కాడ దాదాపు లేదు, మూత కూడా ఊడదు, గోడ పగిలి సిద్ధబీజాలు రాలతాయి. ఈ తేడాల వల్లనే దాన్ని ఫిస్కోమిట్రెల్లా అనే వేరే ప్రజాతిగా ఉంచారు. డీఎన్ఏ పోలికలు చూశాక అది ఫిస్కోమిట్రియంలోనిదేనని తేలింది. కంటికి కనిపించే లక్షణం తేలికగా మారిపోగలదని నేర్పిన ఉదాహరణ ఇది.

ఇక ఉద్యోగం సంగతి. కేవలం మాస్ మొక్కల నిపుణులకంటూ మన దేశంలో కొలువులు తక్కువ. ఈ మాట మీ అమ్మాయికి ఇప్పుడే చెప్పాలి. అందుకే ఎమ్మెస్సీలో వర్గీకరణతోపాటు అణుజీవశాస్త్రం, కణజాల వర్ధనం, జన్యుసమాచార విశ్లేషణ నేర్చుకోవాలని నేను గట్టిగా కోరుతాను, ఎందుకంటే ఆ నైపుణ్యాలు వరి పరిశోధనలోనైనా, ఔషధ సంస్థలోనైనా పనికొస్తాయి. జాతీయ స్థాయి అర్హత పరీక్ష అయిన సీఎస్ఐఆర్ నెట్‌లో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) సాధిస్తే తొలి రెండేళ్లు నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్ అందుతుంది. లక్నోలోని జాతీయ వృక్షశాస్త్ర పరిశోధన సంస్థలో ఈ మొక్కల అధ్యయనం సాగుతోంది. భారత వృక్షశాస్త్ర సర్వేక్షణ సంస్థ దక్కన్ కేంద్రం హైదరాబాద్‌లోనే ఉంది.

దరఖాస్తులకు ముందు ఆమెను ఒక పని చేయమనండి: ఈ వానాకాలంలో తడిగోడ మీది మాస్‌ను సేకరించి, సూక్ష్మదర్శిని కింద ఆకు కణాలను, గుళిక దొరికితే దాని నోటిని చూసి బొమ్మలు గీసి, ప్రజాతి పేరు తేల్చే ప్రయత్నం చేయాలి. వారాల తరబడి ఆ పనిలో ఓపిక నిలిస్తే, ఎమ్మెస్సీకి ఫీజు కట్టడానికి మీరు వెనుకాడనక్కర్లేదు.