ఎమైలేజ్ దూదిని ఎందుకు ముట్టదు?

తమ్ముడూ, లాలాజలం (పిండిపదార్థాన్ని తెంచే ఎంజైమ్ ఎమైలేజ్ ఉండేది ఇందులోనే) కలిపిన గంజి, గ్లూకోజ్ వంటి చక్కెరలను పట్టిచ్చే బెనెడిక్ట్ పరీక్షలో ఇటుక ఎరుపుకు మారిందని, దూది వేసిన పరీక్షనాళిక నీలంగానే మిగిలిందని గాజువాక నుంచి రాశావు. నీ ప్రయోగం సరైనదే! రెండూ గ్లూకోజ్ గొలుసులే, తేడా అంతా అతుకులో ఉంది. గంజిలోని పిండిపదార్థంలో ఆల్ఫా-1,4 బంధాల వల్ల గొలుసు మెలితిరుగుతుంది. దూదిలోని సెల్యులోజ్‌లో బీటా-1,4 బంధాలు. గొలుసు తిన్నగా సాగి, పక్క గొలుసులతో హైడ్రోజన్ బంధాలతో బిగుసుకుంటుంది. ఎమైలేజ్ అణువులో ఒక గాడి ఉంటుంది. బంధాన్ని తెంచే ఆస్పార్టిక్, గ్లుటామిక్ ఆమ్ల భాగాలు అందులో ఆల్ఫా బంధానికి తగినట్లే అమరి ఉంటాయి. బీటా బంధం వాటికి సరిగా ఎదురుపడదు. అసలు కిటుకు ఇదే. ట్రైకోడెర్మా బూజు నుంచి తీసిన సెల్యులేజ్ (సెల్యులోజ్ గొలుసును తెంచే ఎంజైమ్) మీ కళాశాలలో దొరికితే, 50 డిగ్రీల దగ్గర, కొద్దిగా ఆమ్ల ద్రావణంలో దూదిని కొన్ని గంటలు ఉంచి మళ్లీ పరీక్షించు.