సైలెన్సర్ మార్చాక యాక్సిలరేటర్ వదిలితే పేలుళ్ళు: నా బండిలో తేలిన కారణం

కంపెనీ సైలెన్సర్ తీసి బయటి పైపు వేయించిన తరువాత, యాక్సిలరేటర్ వదిలిన ప్రతిసారీ మీ కార్బ్యురేటర్ (గాలిని, పెట్రోలును కలిపే భాగం) రకం రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 వెనుక నుంచి టపాకాయల చప్పుడు వస్తోందనీ, మెకానిక్ పెద్ద జెట్టు (కార్బ్యురేటర్‌లో పెట్రోలు వచ్చే సన్న రంధ్రపు ముక్క) వేయాలంటున్నాడనీ, వేయించవచ్చా అనీ అడిగారు. నాదీ అదే రకం బండి. అదే సలహా విని ఒకసారి నష్టపోయాను కాబట్టి, జెట్టు జోలికి ఇప్పుడే వెళ్ళవద్దని ముందుగా చెబుతున్నాను.

నేను హైదరాబాద్ రాణిగంజ్‌లో పైపు కొని, అక్కడే బిగింపించుకున్నాను. మాసాబ్ ట్యాంక్ ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఏ ఇబ్బందీ ఉండేది కాదు. దిగేటప్పుడు మూడో గేరులో యాక్సిలరేటర్ మూయగానే నాలుగైదు పేలుళ్ళు వరుసగా వినిపించేవి, పక్కనున్న ఆటోవాళ్ళు తల తిప్పి చూసేవారు. ఒక మెకానిక్ మెయిన్ జెట్టు పెద్దది వేశాడు. మైలేజీ పడిపోయింది, స్పార్క్ ప్లగ్గు మసిబారింది, పేలుళ్ళు మాత్రం ఎప్పటిలాగే ఉన్నాయి. ఆలోచిస్తే అందులో వింతేమీ లేదు: మెయిన్ జెట్టు పని యాక్సిలరేటర్ బాగా తెరిచినప్పుడు, మన బాధ అంతా అది మూసినప్పుడు.

యాక్సిలరేటర్ మూసి ఉండగా ఇంజన్ తిరుగుతుంటే సిలిండరులోకి వెళ్ళే గాలి, పెట్రోలు మిశ్రమంలో పెట్రోలు తగ్గి, అది బాగా పలచబడి, ఒక్కోసారి అంటుకోకుండానే బయటకు వచ్చేస్తుంది. ఆ కాలని పెట్రోలు ఆవిరికి వేడెక్కిన పైపులో తాజా గాలి తోడైతే అక్కడే భగ్గుమంటుంది. ఎగ్జాస్టు (ఇంజన్ వదిలే పొగ) ఒకే ధారగా రాదు, దెబ్బలు దెబ్బలుగా వస్తుంది. ప్రతి దెబ్బ వెనుకా పైపులో ఒత్తిడి క్షణకాలం బయటి గాలి కంటే తగ్గుతుంది కాబట్టి, అతుకుల దగ్గర వెంట్రుకవాసి సందు ఉన్నా అది గాలిని లోపలికి లాగుతుంది. కంపెనీ సైలెన్సర్ లోపలి అరలు ఇలాంటి చప్పుళ్ళను చాలావరకు మింగేస్తాయి. ఖాళీ గొట్టం లాంటి పైపు వాటిని ఉన్నదున్నట్టు వీధికి వినిపిస్తుంది.

నా బండి జబ్బు కనిపెట్టింది ముషీరాబాద్‌లోని ఒక పెద్ద వయసు మెకానిక్. ఆయన బండి స్టార్టు కూడా చేయలేదు. గొంతుక్కూర్చుని, ఇంజన్ హెడ్డుకు (పై భాగానికి) బెండు పైపు, అంటే సైలెన్సర్ దాకా వచ్చే వంపు పైపు, కలిసే చోట చుట్టూ వేలు తిప్పి, వేలికంటిన నల్లటి మసిని నాకు చూపించి, "ప్యాకింగ్ కూసోలే బిడ్డా, గాలి గుంజుతున్నది" అన్నాడు. విప్పి చూస్తే అతుకు సందు మూసే పాత రింగు ప్యాకింగునే మళ్ళీ వేసి ఉన్నారు. అది ఒకసారి నలిగి ఆ పైపు ఆకారానికి కూర్చునే వస్తువు. రెండోసారి వేరే పైపుకు సరిపడదు. ఒక పక్క రేకులా అణిగిపోయి, మరో పక్క గోరు పట్టేంత సందు ఉంది.

మీరు ఇంట్లోనే చూసుకోవచ్చు. చల్లని ఇంజన్ స్టార్టు చేసి, షాంపూ కలిపిన నీళ్ళు అతుకుల మీద చల్లి, వెనుక పైపు మూతిని మందపాటి తడిగుడ్డతో కొన్ని క్షణాలు సగం మూస్తే, సందు ఉన్న చోట బుడగలు లేస్తాయి. అగరుబత్తి పొగతో చూసేవారూ ఉన్నారు కానీ, పెట్రోలు ట్యాంకు కింద నిప్పు పట్టుకుని కూర్చోవడం నాకు నచ్చదు. కొత్త రింగు వేశాక నట్లను ఒకసారి ఇటు, ఒకసారి అటు కొద్దికొద్దిగా బిగించాలి. ఒకసారి వేడెక్కి చల్లారిన తరువాత మళ్ళీ బిగించాలి. బలం ఎక్కువ పెడితే అల్యూమినియం హెడ్డులో స్టడ్డు (నట్టు ఎక్కే మరమేకు) మర పోతుంది, అప్పుడు ఖర్చు పైపు ధరను దాటుతుంది. బెండు పైపు, సైలెన్సర్ కలిసే చోటి క్లాంపును (బిగింపు పట్టీని) కూడా మరచిపోవద్దు.

నా బండిలో దీనితోనే పేలుళ్ళు చాలావరకు ఆగాయి. మిగిలిన చిన్న చిటపటలకు పాత జెట్టు తిరిగి వేయించి, వేడి ఇంజన్ మీద ఐడిల్ మిక్చర్ స్క్రూను (యాక్సిలరేటర్ మూసినప్పటి మిశ్రమాన్ని సర్దే మరను) మిశ్రమం చిక్కబడేలా పావు చుట్టు చొప్పున సర్దాను, మొత్తం అర చుట్టు సరిపోయింది. స్క్రూ ఇంజన్ వైపున ఉంటే విప్పేకొద్దీ మిశ్రమం చిక్కబడుతుంది, ఎయిర్ ఫిల్టర్ వైపున ఉంటే బిగించేకొద్దీ. ముందుగా మెల్లగా చివరిదాకా బిగిస్తూ ఎన్ని చుట్లో లెక్క రాసుకుంటే, తప్పు జరిగినా మొదటికి రావచ్చు. ప్లగ్గు తెల్లగా ఉంటే ఇంకా పలచన, లేత గోధుమ రంగు వస్తే చాలు. 2020 తరువాతి బీఎస్ 6 (కాలుష్య ప్రమాణం) ఇంజెక్షన్ బండ్లకు, అంటే కార్బ్యురేటర్ లేనివాటికి, ఈ స్క్రూ పని చెల్లదు. వాటిలో ఆక్సిజన్ సెన్సర్ ముందు సందు ఉంటే ఈసీయూ (ఇంజన్‌ను నడిపే చిన్న కంప్యూటర్) తప్పు లెక్కతో పెట్రోలు పోస్తుంది.

పేలుళ్ళు ఆగినంత మాత్రాన పైపు చట్టబద్ధం కాదు. మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షన్ కింద శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలు దాటితే మొదటిసారే రూ.10,000 వరకు జరిమానా, 3 నెలల వరకు జైలు పడవచ్చు. మన నగరంలోనే పట్టుకున్న సైలెన్సర్లను రోడ్డు రోలరుతో తొక్కించారు. అందుకే కంపెనీ సైలెన్సరును పాత సామానువాడికి అమ్మకుండా అటక మీద దాచుకోండి.

రేపు పొద్దున బండి స్టార్టు చేయక ముందు బెండు పైపు మొదట్లో వేలు తిప్పి చూసి, మసి అంటిందో లేదో ఇక్కడ రాయండి. అంటకపోతే తరువాత చూడవలసింది క్లాంపు.