కోళ్ల జాలీ మీదికి ఏ తీగలు పాకించవచ్చు, ఏవి పాకించకూడదు?

మీరు అడిగినది ఇది: మధురవాడలోని మీ పెరట్లో పడమటి వైపున నాటు కోళ్ల కోసం ఇనుప జాలీతో ఒక ఆవరణ కట్టించారు, ఎండ తగ్గడానికీ, వీధిలోకి కనిపించకుండా ఉండడానికీ దాని మీదికి నాలుగు వైపులా దట్టంగా తీగలు పాకించాలనుకుంటున్నారు, నర్సరీవారు అల్లమండ, మనీప్లాంటు, శంఖపుష్పం చూపించారు, వీటిలో కోళ్లకు హాని చేయనివి ఏవి? మూడింటిలో శంఖపుష్పం ఒక్కటే పెట్టుకోవచ్చు. పెందుర్తి వైపు మా పెరట్లో చాలాకాలంగా కోళ్లనూ కూరగాయల పాదులనూ పక్కపక్కనే పెంచుతున్న అనుభవంతో మిగతా వివరాలు రాస్తున్నాను.

తీగను ఎంచుకునేటప్పుడు పువ్వు రంగు కంటే ముందు, అందులో ఏ భాగం కోడి నోటికి చేరుతుందో ఆలోచించాలి. జాలీకి బయట నాటినా లేత కొనలు కన్నాల్లోంచి లోపలికి చొచ్చుకొస్తాయి. కోడి మెడ చాచి అందినంత మేర పొడుస్తుంది, అందనిదాని కోసం ఎగురుతుంది. మా ఆవరణలో సుమారు రెండడుగుల ఎత్తు దాకా లోపలి వైపు ఒక్క ఆకు మిగలదు, అక్కడినుంచి పైకి మాత్రం గీత గీసినట్టు పచ్చగా ఉంటుంది. అంత ఎత్తున ఉన్నది కోళ్లకు అందదు కదా అనుకోవడానికి లేదు; అక్కడి కాయలు పండి, పగిలి, గింజలు ఆవరణలోకే రాలుతాయి. కొన్ని తీగలకు అసలు విషం గింజల్లోనే ఉంటుంది కాబట్టి, ఈ రెండో సంగతిని మరచిపోకూడదు.

ఈ లెక్కన మొదట వదిలించుకోవలసినది గురివింద. ఎవరూ నాటకపోయినా కంచెల మీద, పొదల మీద అదే మొలుస్తుంది. ఎర్రటి గింజ మీద నల్ల మచ్చ చూసి అందరూ గుర్తుపడతారు. ఆ గింజలో అబ్రిన్ అనే తీవ్రమైన విషం ఉంటుంది. పెంకు పగలనంతవరకు గింజ లోపలికి వెళ్లినా అలాగే బయటికి పోవచ్చుననే మాట నిజమే గానీ, కోడి విషయంలో దానిని నమ్ముకోలేము. కోడికి పళ్లు లేకపోయినా కందనకాయ ఉంది. అది మింగిన గులకరాళ్ల సాయంతో గట్టి గింజలను నూరడానికే ఉన్న అవయవం. వానాకాలంలో కొండవాలుల పొదల్లో ఎరుపు, పసుపు రేకలతో పూసే అడవినాభి మరో ప్రమాదకరమైన తీగ. దాని ఆకుల కొనలే నులితీగలుగా మారి జాలీని పట్టుకుంటాయి. మొక్క అంతటా కోల్చిసిన్ అనే విషం ఉంటుంది, దుంపలోనూ గింజలోనూ మరీ ఎక్కువ. అందంగా ఉందని కొండ మీదినుంచి దుంప తెచ్చి నాటుకునేవారు ఉన్నారు. కోళ్లున్న ఇంట్లో ఆ పని చేయకండి.

మీకు చూపించిన అల్లమండ ప్రాణం తీసేంత విషమేమీ కాదు గానీ, దాని పాలు నోటినీ పేగులనూ రేపి విరేచనాలు పట్టిస్తాయి. మనీప్లాంటు ఆకుల్లో సూదుల వంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు ఉంటాయి, అవి నోట్లో, గొంతులో గుచ్చుకుంటాయి. గన్నేరు, పచ్చ గన్నేరు తీగలు కాకపోయినా ప్రహరీ పక్కన చాలా ఇళ్లలో ఉంటాయి కాబట్టి చెబుతున్నాను: వాటి విషం నేరుగా గుండె మీద పనిచేస్తుంది, కొమ్మలు ఆవరణ మీదికి వాలనివ్వకండి. పేరు తెలియని తీగ అయితే ఒక ఆకు తుంచి చూడండి, పాలు కారితే వద్దనుకోండి. ఇది ముతక పరీక్ష మాత్రమే. చిలగడదుంప తీగకు పాలు కారినా దాని ఆకును కోళ్లు నిక్షేపంగా తింటాయి, గురివిందకూ అడవినాభికీ మాత్రం పాలే ఉండవు.

ఇక పెట్టుకోదగినవాటిలో నా మొదటి ఓటు దొండకు. పెన్సిలు మందమున్న తీగను మూడు నాలుగు కణుపులతో కోసి, రెండు కణుపులు మట్టిలో ఉండేలా గుచ్చితే చాలు, నారు పోసే పని లేదు. ఒకసారి నిలదొక్కుకుంటే ఏళ్ల తరబడి ఉంటుంది. చలికాలంలో మందగించి, ఎండలు ముదిరేనాటికి మళ్లీ గుబురెక్కుతుంది. నీడ అవసరమైనప్పుడు నీడ, వెలుతురు అవసరమైనప్పుడు వెలుతురు వస్తుంది. ఆకునూ లేత కాయనూ పండిన ఎర్రటి కాయనూ కోళ్లు తింటాయి, మనకు కూరకూ మిగులుతాయి.

దాని తరువాత తీగబచ్చలి. కింద కోళ్లు ఎంత కొరికినా పైన కొత్త కొమ్మలు వేస్తూనే ఉంటుంది, రాలిన గింజ మళ్లీ తనంతటదే మొలుస్తుంది. బచ్చలిలో ఆక్సలేట్లు ఉంటాయి, అవి కాల్షియాన్ని పట్టేస్తాయి. గుడ్డు పెంకు ఒక్కదానికే రెండు గ్రాముల దాకా కాల్షియం పోతుంది కాబట్టి, గుడ్లు పెట్టే పెట్టలకు బచ్చలినే ప్రధాన మేతగా చేయకుండా, ఒక చిప్పలో ఆల్చిప్పల పొడి విడిగా పెడితే సరిపోతుంది. సముద్రం ఒడ్డున ఉన్న మనకు దానికి కరువేమీ లేదు.

బీర, పొట్ల, ఆనప పాదులు కొన్ని నెలల్లోనే కాపు ముగించి ఎండిపోతాయి. వేసవి నీడ కోసమైతే జనవరిలోనే గింజ పెట్టాలి. ఆనపకాయల బరువుకు పలుచని జాలీ వంగిపోతుంది, దానికి విడిగా పందిరి వేయాలి. చేదెక్కిన ఆనపకాయ మనుషులకే ప్రమాదం, దానిని కోళ్లకు వేయకండి. కాకర ఆకు చేదుకు మా కోళ్లు దాని జోలికి పోవు, అందుచేత కింది భాగం కూడా పచ్చగా ఉండాలనుకునేవారికి అది నప్పుతుంది. చిక్కుడు ఆకుతో ఇబ్బంది లేదు గానీ, ఎండిన గింజలు పచ్చిగా తింటే మంచిది కాదు. కాయలు ముదరకముందే కోసుకునే ఓపిక ఉంటేనే పెట్టండి. శంఖపుష్పాన్ని పశువులకు మేతగా కూడా పెంచుతారు, తీగ తేలిక, జాలీకి బరువు కాదు. గింజలకు విరేచనకారి గుణం ఉంది కనుక కాయలు ఎండకముందే తుంచేయాలి. పూల కోసమే అయితే జాజి, విరజాజి నిశ్చింతగా పాకించుకోండి. నైట్ జాస్మిన్ అని అమ్మే రాత్రిరాణి మాత్రం మల్లె జాతిది కాదు, దాని కాయలు విషం.

నాటడం ఎప్పుడూ జాలీకి బయట, ఒకటిన్నర అడుగుల దూరంలోనే. లోపల నాటితే మట్టి స్నానం కోసం మొదలు తవ్వి వేళ్లు బయటపెడతాయి. బయట కూడా, కోళ్లను సాయంత్రం వదిలే అలవాటు ఉంటే, మొదలు చుట్టూ చేతిలో పట్టేంత రాళ్లు పేర్చండి. ఆవరణలోని పెంటను పచ్చిగా పాదులో వేయకండి, వేడికి వేళ్లు మాడతాయి. కొన్ని నెలలు మాగిన తరువాత దానికి మించిన ఎరువు లేదు.

నాలుగు వైపులా దట్టంగా మూసేయాలన్న మీ ఆలోచనతో నేను ఏకీభవించను. కోడికి చెమట పట్టదు, నోరు తెరిచి వగర్చి ఒంటి వేడిని ఆవిరి రూపంలో వదులుకుంటుంది. విశాఖ ఉక్కపోతలో ఆ ఆవిరి త్వరగా ఆరదు కాబట్టి, నీడ ఎంత అవసరమో గాలి కూడా అంతే అవసరం. పడమటి వైపునూ పైకప్పులో సగాన్నీ తీగకు ఇచ్చి, సముద్రపు గాలి వచ్చే ఆగ్నేయాన్ని ఖాళీగా వదలండి. గాలాడని చోట నేల తడిగా ఉండి, కోళ్ల పేగులను దెబ్బతీసే కాక్సిడియా రోగం పట్టుకుంటుంది. బయటి వైపు నేలనుంచి అడుగు ఎత్తు వరకు ఆకులు తీసేసి ఉంచాలి. ఆ గుబురులో ఎలుకలు చేరుతాయి, ఎలుకల కోసం పాములు వస్తాయి.

పురుగుమందుల విషయంలో నేను కాస్త మొండిగా ఉంటాను. కోళ్ల పక్కనున్న పాదుకు గుళికల మందు వేయడమంటే కోళ్లకు విషం చల్లడమే, ఎందుకంటే అవి ఆ గుళికలను ఇసుక పలుకులనుకొని ఏరుకుతింటాయి. చిక్కుడుకు పేనుబంక పడితే నీటిధారతో కొట్టి, లొంగకపోతే వేపనూనె సబ్బునీళ్లు చల్లండి. కాయలకు పండుఈగ తగిలితే పుచ్చినవాటిని ఎప్పటికప్పుడు కోసేయండి, అందులోని పురుగులను కోళ్లు ఇష్టంగా తింటాయి.

చివరిగా తుపాను సంగతి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ ఊరికి ఏం చేసిందో మీకు చెప్పనవసరం లేదు. గుబురుగా ఉన్న తీగ గాలిని పట్టి జాలీని స్తంభాలతో సహా పెకలిస్తుంది. అందువల్ల తీగలను జాలీకే కట్టకుండా అరడుగు ఎడంగా వెదురు తడిక నిలబెట్టి దాని మీదికి పాకించండి, పడితే తడిక పడుతుంది, కోళ్లు భద్రంగా ఉంటాయి. రాధామనోహరం లాంటి చెక్కదేలే బరువు తీగలను నేను వద్దనేది ఇందుకే. సెప్టెంబరు చివరికి దొండను సగానికి కత్తిరించండి, మొదలు గట్టిది కాబట్టి మళ్లీ చిగురిస్తుంది. కోసిన ఆకును కోళ్లకు వేసి, మందమైన తీగ ముక్కలను తడి గోనెసంచిలో చుట్టి ఉంచుకుంటే కొన్ని రోజుల్లో ఇంకో పాదుకు గుచ్చుకోవచ్చు.