నానో క్లే కలిపినా పాలీప్రొపిలీన్ బలం ఎందుకు పెరగలేదు?

పాలీప్రొపిలీన్‌లో 5 శాతం నానో క్లే (నానోమీటరు మందం పొరలుండే బంకమన్ను) కలిపితే బలం పెరగలేదు సరికదా, ఇంపాక్ట్ పరీక్షలో ముక్కలు ఇంకా తేలిగ్గా విరిగాయని రాశారు. పరిశ్రమలో దీన్ని నిజంగా వాడతారా అనీ అడిగారు. వాడతారు. నేను ప్లాస్టిక్ కాంపౌండింగ్‌లో, అంటే ప్లాస్టిక్‌లో ఇతర పదార్థాలు కలిపే పనిలో ఉన్నాను. ఇలాంటి ఫలితాలు మా ట్రయల్స్‌లో చాలాసార్లు చూశాను. ఎక్కువసార్లు కారణం ఒక్కటే: క్లే పొరలు విడిపోలేదు.

నానో క్లేలో ఉండేది మాంట్‌మోరిల్లోనైట్. మన నల్లరేగడి తడిస్తే ఉబ్బి, ఎండితే బీటలు వారేదీ ప్రధానంగా ఈ ఖనిజం వల్లే. దీని ఒక్కో పొర మందం సుమారు 1 నానోమీటరు. పొరల మధ్యకి నీళ్లు సులువుగా వెళ్తాయి కానీ, నీటితో పొసగని పాలీప్రొపిలీన్ వెళ్లదు. అందుకే ఆర్గానో క్లే (పొరలకి సేంద్రియ అమ్మోనియం పూత పట్టించిన క్లే) తీసుకోవాలి, దాంతోపాటు మాలిక్ యాన్‌హైడ్రైడ్ గ్రాఫ్ట్ చేసిన (అతికించిన) పాలీప్రొపిలీన్‌ని కంపాటిబిలైజర్‌గా, అంటే క్లేకీ ప్లాస్టిక్‌కీ పొసిగేలా చేసే పదార్థంగా వేయాలి. క్లే ఎంత వేస్తే కనీసం అంత వేయండి, చాలామంది రెండు మూడు రెట్లు కూడా వేస్తారు. మీ ఫార్ములాలో దాని ఊసే లేదు. విడిపోని గడ్డల దగ్గరే పగులు మొదలవుతుంది, ఇంపాక్ట్ పడిపోయేది అందుకే.

ఈ రంగానికి ఊపు తెచ్చింది 1980ల చివర్లో జపాన్‌లో టొయోటా పరిశోధనశాల చేసిన నైలాన్-6 పని. వాళ్లు క్లేని కరిగిన నైలాన్‌లో కలపలేదు. ముందు పొరల మధ్యకి మోనోమర్‌ని (పాలిమర్ తయారయ్యే చిన్న అణువులని) పంపి, అక్కడే పాలిమర్‌గా మార్చారు. 5 శాతం లోపు క్లేతోనే మాడ్యులస్ (గట్టిదనపు కొలత) దాదాపు రెట్టింపైంది. బరువు మోస్తూ వేడికి వంగే ఉష్ణోగ్రత సుమారు 65 డిగ్రీల నుంచి 150 దరిదాపులకు పెరిగింది. 1990ల మొదట్లో కారు ఇంజన్‌లో టైమింగ్ బెల్ట్ కవర్‌గా వాడారు. నైలాన్‌లో అంత బాగా వచ్చింది కదా అని పాలీప్రొపిలీన్‌లోనూ అంతే ఆశించకండి.

కేవలం గట్టిదనం కావాలని వచ్చే కస్టమర్‌కి నేను టాల్క్ వాడమనే చెప్తాను. చవక, నమ్మకం. నానో క్లేకి పెట్టే ఖర్చు గిట్టుబాటయ్యేది బరువు తగ్గించాల్సిన చోట, గ్యాస్ లీకవకుండా ఆపాల్సిన చోట, మండుతున్న కేబుల్ నుంచి కరిగిన బొట్లు కారకుండా చూడాల్సిన చోట. స్టాటిక్ కరెంట్ పోవాల్సిన భాగాలకైతే కార్బన్ నానోట్యూబులు. కార్బన్ బ్లాక్ కంటే చాలా తక్కువ మోతాదు సరిపోతుంది. పొడిగా ఉన్న నానోట్యూబులని మాత్రం సరైన మాస్క్ లేకుండా తెరవద్దు, ఇది గట్టిగా చెప్తున్నాను.

ప్లాస్టిక్‌ని కరిగించి కలిపే ట్విన్ స్క్రూ ఎక్స్‌ట్రూడర్‌లో వేడి పెంచితే బాగా కలుస్తుందని కొందరంటారు. అది నిజం కాదు. 200 డిగ్రీలు దాటేసరికి ఆర్గానో క్లే మీది అమ్మోనియం పూత విరగడం మొదలవుతుంది. గ్రాన్యూల్స్ గోధుమ రంగుకి తిరిగి చేపల వాసన కొడితే అదే జరిగిందని అనుకోవచ్చు. ఎక్స్‌ఆర్‌డీలో (ఎక్స్-కిరణాలతో పొరల మధ్య దూరం కొలిచే పరీక్షలో) పీక్ తక్కువ కోణం వైపు జరిగితే పొరల మధ్య దూరం పెరిగిందని అర్థం. పీక్ మాయమైతే మాత్రం పొరలు పూర్తిగా విడిపోయాయని వెంటనే సంబరపడకుండా టీఈఎం (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌తో నేరుగా చూసే పరీక్ష) చేయించండి.

వీటన్నిటికంటే ముందు ఒక చవకైన పరీక్ష చేయండి. కొన్ని గ్రాన్యూల్స్‌ని మఫిల్ ఫర్నేస్‌లో (ల్యాబ్‌లో వాడే మూసిన కొలిమిలో) కాల్చి బూడిద తూకం వేయండి. ఆర్గానో క్లే బరువులో మూడో వంతు దాకా కాలిపోయే పూతే కాబట్టి, మీ 5 శాతానికి 3.5 శాతం దగ్గర బూడిద మిగలాలి. అంతకంటే బాగా తక్కువొస్తే క్లేని మెషిన్‌లోకి పంపే ఫీడర్‌లోనే అది ఆగిపోతోందేమో చూడండి.