గెలిచిన మోడల్‌ని అప్పుడే నమ్మకు

చి. సుధకు,

ఆశీస్సులు. నువ్వు పంపిన ఫలితాలు చూశాను. మెదడులో ఏ ప్రాంతం దేనిమీద ప్రభావం చూపుతోందో స్కాన్ డేటా నుంచి అంచనా వేసే ఎనిమిది డీసీఎం (డైనమిక్ కాజల్ మోడలింగ్) మోడళ్లను పోటీకి పెడితే ఐదోది గెలిచింది, ఎక్సీడెన్స్ ప్రాబబిలిటీ 0.97 వచ్చింది, ఇక పేపర్ రాసేయొచ్చా అని అడిగావు. కాస్త ఆగమ్మా. నువ్వు పెట్టిన ఎనిమిదింటిలో, ఎక్కువమందికి సరిపోయేది ఐదోదే అయ్యే అవకాశం 97 శాతం. ఆ అంకె చెప్పేది అంతే. నువ్వు పెట్టని తొమ్మిదో మోడల్ సంగతి దానికి తెలీదు.

అందుకని నేనైతే గెలిచినదాన్ని వదిలేసి, అసలు ఈ ఎనిమిదీ ఎక్కడినుంచి వచ్చాయని అడుగుతాను. మెదడులో మూడు ప్రాంతాలు తీసుకుంటే దిశతో సహా వాటి మధ్య ఆరు దారులు. ఒక్కో దారి ఉండొచ్చు, లేకపోవచ్చు అనుకుంటే 64 మోడళ్లు. నాలుగు ప్రాంతాలకి 4,096. ఐదుకి పది లక్షలు దాటిపోతాయి. టాస్క్ వల్ల ఏ దారి బలం మారుతుందన్నది ఇంకా ఇందులో కలపలేదు. ఇన్నింట్లోంచి ఎనిమిదే ఏరావంటే, నాడీ నిర్మాణం నుంచో పాత ప్రయోగాల నుంచో దానికి కారణం చూపించగలగాలి. ఒక్కో మోడల్‌కీ కారణం చెప్పడం కష్టమైతే వాటిని కుటుంబాలుగా విడదీసి పోల్చు: ఫ్రంటల్ (మెదడు ముందుభాగం) నుంచి విజువల్ కార్టెక్స్‌కి (చూపుని చూసుకునే భాగం) దారి ఉన్నవన్నీ ఒకవైపు, లేనివన్నీ మరోవైపు. నిజానికి నీ ప్రశ్న కూడా అదే కదా, ఐదో నంబరు కాదు.

ఏడు, ఎనిమిది నంబర్ల దగ్గర మాత్రం పెద్ద చిక్కే ఉంది. మిగతావాటిలో మూడు ప్రాంతాలుంటే ఈ రెండిట్లో నాలుగున్నాయి. ఎఫ్ఎంఆర్ఐ (మెదడులో రక్తప్రవాహం మార్పుల్ని కొలిచే స్కాన్) డీసీఎంలో ప్రాంతం కలిపితే మోడల్ వివరించాల్సిన డేటానే మారిపోతుంది. ప్రశ్నపత్రాలు వేరైనప్పుడు మార్కులు పోల్చలేం. ఆ రెండూ పోటీలో ఉన్నంతసేపు నీ 0.97కి అర్థం లేదు. నాలుగో ప్రాంతం అవసరమా అన్నదే నీ సందేహమైతే, అన్ని మోడళ్లలోనూ నాలుగూ ఉంచి, కొన్నిట్లో దాని దారులు తెంచెయ్యి.

రెండో పట్టికలో అందరి లాగ్ ఎవిడెన్స్‌నీ, అంటే ఒక్కొక్కరి డేటా మోడల్‌కి ఇచ్చే ఆధారాన్ని లాగరిథమ్‌లో కొలిచిన అంకెని, కూడేశావు. అందరి మెదడులోనూ ఒకే మోడల్ పనిచేస్తోందని ముందే ఒప్పుకుంటేనే అలా కూడాలి. నీ 20 మందిలో 19 మంది తలా 3 తేడాతో ఒక మోడల్ వైపు ఉన్నారనుకో. 3 తేడా అంటే సుమారు 20 రెట్ల ఆధారం, చిన్నదేం కాదు. ఇరవయ్యో మనిషి ఒక్కడే 60 తేడాతో ఇంకో మోడల్ వైపు తిరిగితే ఆ 19 మంది కలిపిన 57 ఓడిపోతుంది. పేషెంట్ల డేటాలో ఇలాంటివాళ్లు తగలకుండా ఉండరు. 2009లో స్టీఫన్ బృందం ఒక్కొక్కరికి ఒక్కో మోడల్ సరిపోవచ్చని ఒప్పుకునే రాండమ్ ఎఫెక్ట్స్ పద్ధతి తెచ్చింది ఇందుకే. అలా వచ్చిన ఎక్సీడెన్స్ ప్రాబబిలిటీ కూడా కాస్త ధీమా ఎక్కువ చూపిస్తుంది కాబట్టి మోడళ్ల మధ్య తేడా కేవలం యాదృచ్ఛికమయ్యే అవకాశాన్నీ లెక్కలోకి తీసుకునే ప్రొటెక్టెడ్ రూపమే రాయి.

గ్రేంజర్ పద్ధతితో కూడా సరిచూడమని పక్క ల్యాబ్‌వాళ్లు అన్నారట. ఎఫ్ఎంఆర్ఐకి నాకు దానిమీద అంత గురి లేదు. ఆర్థిక శాస్త్రం కోసం 1969లో వచ్చిన పద్ధతి అది, ఏది ముందు కదిలితే దాన్ని ప్రభావం చూపేదిగా లెక్కిస్తుంది. మనం కొలిచేదేమో రక్తప్రవాహం. న్యూరాన్లు పనిచేసిన ఐదారు సెకన్లకి గానీ ఆ స్పందన శిఖరానికి చేరదు, ఆ ఆలస్యం ప్రాంతానికో రకంగా ఉంటుంది. న్యూరాన్ల మధ్య కబురు మిల్లీసెకన్లలో వెళ్లిపోతుంది, నీ స్కాన్ రెండు సెకన్లకొకటి. రక్తం త్వరగా చేరే ప్రాంతమే కారణంలా కనబడుతుంది. 2011లో స్టీవెన్ స్మిత్ బృందం కృత్రిమ డేటా మీద చాలా పద్ధతుల్ని పోలిస్తే ఆలస్యం మీద ఆధారపడేవి బాగా వెనకబడ్డాయి. అదే పరీక్షలో ప్రాంతాల సరిహద్దులు తప్పుగా గీస్తే ఫలితాలు ఘోరంగా దెబ్బతిన్నాయి. కాబట్టి ఆ టైమేదో నీ ఆర్ఓఐల మీద, అంటే నువ్వు ఎంచుకుని గీసిన ప్రాంతాల మీద పెట్టు.

ఇక అన్నింటికన్నా ముఖ్యమైన పని మిగిలి ఉంది. నీ ప్రతి మోడల్ నుంచీ కృత్రిమ డేటా పుట్టించు. నాయిస్ నీ అసలు డేటాలో ఉన్నంతే కలుపు, స్కాన్ల సంఖ్య కూడా అంతే ఉండాలి. ఆ డేటాని అన్ని మోడళ్లకీ ఇచ్చి, పుట్టించిన మోడలే గెలుస్తోందా లేదా చూసి పట్టిక వెయ్యి. రెండో మోడల్ డేటా ఇచ్చినా ఐదోదే గెలుస్తుంటే నీ స్కాన్‌కి ఆ రెంటినీ విడదీసే శక్తి లేదన్నమాట. అప్పుడు నిజమైన డేటాలో ఐదు గెలవడం వార్తే కాదు. విసుగు పుట్టించే పనే, కంప్యూటర్ రోజుల తరబడి నడుస్తుంది, అందుకే చాలామంది ఎగ్గొడతారు. నువ్వు మానకు. దాంతోపాటు ఒక్కొక్కరి డేటాలో మోడల్ ఎంత శాతం వివరిస్తోందో కూడా చూడు. ఎనిమిదీ డేటాకి దరిదాపుల్లో లేకపోయినా వాటిలో ఒకటి గెలిచే తీరుతుంది.

తల కదలికల సంగతి నీకు తెలిసిందే, రెండు గ్రూపుల్లో సమానంగా ఉన్నాయో లేదో ఒక్క వాక్యం రాస్తే చాలు.

రివ్యూయర్లు ఏమంటారోనని ఇప్పటినుంచే టెన్షన్ పడకు. ఏడు, ఎనిమిది తీసేసి, ఆ కృత్రిమ డేటా పట్టిక వెయ్యగానే పంపు. ఐదోది నిలబడకపోతే పేపర్ శీర్షిక మార్చాల్సి వస్తుంది, అది మాట్లాడుకుందాం.

ఇట్లు,
మీ మాస్టారు