ఫీజు మాట వేరు, పలకరింపు వేరు

కందుకూరు
2021 జూన్ 5

సిస్టర్ గారికి వందనాలు.

మొన్న ఫోన్‌లో సగమే మాట్లాడుకున్నాం, అందుకే రాస్తున్నాను. మీరు హెచ్చెమ్‌గా వచ్చి కుదురుకోకముందే కరోనా వల్ల ఏప్రిల్ 20 నుంచి బడులు మళ్ళీ మూతపడ్డాయి. పోయినేడు మా కాన్వెంట్‌లో పడ్డ పాట్లలో మీకు పనికొచ్చేవి చెబుతాను.

పాఠాల సంగతి తర్వాత. ముందు ప్రతి ఇంటికీ ఫోన్ చేయించండి, అదీ క్లాస్ టీచర్ చేతే. "బాగున్నారా" అని అడిగితే అందరూ బాగున్నామనే అంటారు. "ఇవాళ వంటేంటమ్మా? నాన్న పనికెళ్తున్నాడా? పెద్దాయనకు బీపీ మాత్రలున్నాయా?" అని అడగమనండి. అప్పుడు అసలు సంగతి బయటికొస్తుంది. పొగాకు గ్రేడింగ్ పనికి పిలుపు రాని తల్లి, బేరాల్లేక ఆటో ఇంటి ముందే పెట్టుకున్న తండ్రి తమంతట తాము నోరు తెరిచి చెప్పరు. విన్నదంతా ఒక నోట్‌బుక్‌లో, ఇంటికో పేజీ చొప్పున రాయించండి.

ఆ ఫోన్‌లో మాత్రం ఫీజు ఊసెత్తనివ్వొద్దు. ఒక్కసారి బాకీ గుర్తుచేశారంటే ఆ నంబరు మళ్ళీ ఎత్తరు. అప్పుడు ఆ ఇంట్లో జ్వరం వచ్చినా మీకు తెలీదు. ఫీజు సంగతి ఆఫీసు క్లర్కు వేరే నంబరు నుంచి చూసుకోవాలి. నెలనెలా జీతం ఆగని ఉద్యోగస్తులను మొహమాటం లేకుండా అడగమనండి. టీచర్ల జీతాలకు అదే ఆధారం. టీచర్లకు సగం జీతమిచ్చి ఊళ్ళోవాళ్ళ యోగక్షేమాలు కనుక్కోమంటే ఏ మొహంతో కనుక్కుంటారు? "జనవరిలో అమ్మఒడి పడిందిగా" అని మీతో ఎవరైనా అంటే నమ్మేయకండి. ఆ డబ్బు చాలా ఇళ్ళలో బంగారం లోను వడ్డీకే సరిపోయింది.

ఇక సరుకులు. కార్డున్నవాళ్ళకు బియ్యం రేషన్లో వస్తాయి. మీరూ బియ్యమే ఇస్తే ఇంట్లో బస్తాలు పెరుగుతాయి గానీ కూర ఉడకదు. కందిపప్పు, నూనె, చింతపండు, సబ్బులు ఇవ్వండి. నూనె ధర ఎక్కడికెక్కిందో మీకు తెలిసిందే. చీమకుర్తి వైపు క్వారీల్లో పనిచేసే బయటి రాష్ట్రాలవాళ్ళకు ఇక్కడ కార్డుండదు కాబట్టి వాళ్ళకు బియ్యం కూడా కట్టండి. ఇంకా మేలు, ఊళ్ళో కిరాణా కొట్టులో స్కూలు పేరుతో ఖాతా పెట్టి, ఇంటికి ఇంత అని చెప్పేయడం. పన్నెండింటికి కర్ఫ్యూ మొదలయ్యేలోపు వాళ్ళే వెళ్ళి కావలసింది తెచ్చుకుంటారు, పక్కింటివాళ్ళకు కూడా తెలీదు.

ఫోటోలు తీయొద్దు. చర్చి ముందు వరసలో నిలబెట్టొద్దు. మన పిల్లల్లో హిందువులు, ముస్లింలు ఎంతమంది ఉన్నారో అడ్మిషన్ రిజిస్టర్ చూస్తే మీకే తెలుస్తుంది. ఇచ్చేది బడి ఇస్తున్నట్టే ఉండాలి. పూజ, ప్రార్థన కావాలన్నవాళ్ళకు ఫాదర్ గారు ఎలాగూ ఉన్నారు.

కరోనాకని ఆనందయ్య ఇస్తున్న కృష్ణపట్నం నాటు మందు గురించి పేరెంట్స్ అడుగుతారు. వాదనకు దిగకండి. "మీ ఇష్టం, కానీ జ్వరమొస్తే టెస్ట్ మాత్రం ఆపొద్దు" అంటే చాలు.

ఆన్‌లైన్ క్లాసులు మొదలైతే పొద్దున పదింటికి హాజరు తీయకండి. చాలా ఇళ్ళలో స్మార్ట్‌ఫోన్ ఒకటే, అది నాన్న జేబులో ఉంటుంది, పిల్లాడి చేతికొచ్చేసరికి రాత్రి ఎనిమిదవుతుంది. పాఠం రికార్డు చేసి పెట్టండి. సిగ్నల్ లేని ఊళ్ళకు వర్క్‌షీట్లు జిరాక్స్ తీయించి పంపండి.

ఈసారి పోయినేటిలా కాదు, చావులు ఎక్కువగా ఉన్నాయి. ఏ పిల్ల తండ్రైనా పోతే క్లాసు వాట్సాప్ గ్రూపులో ఫోటో పెట్టి దండాలు పెట్టించకండి. ముందు ఆ తల్లిని అడగండి. వీలైతే మీరే వెళ్ళి, అరుగు మీద దూరంగా కూర్చుని రండి. "ఈ ఏడాది ఫీజు గురించి ఆలోచించొద్దు" అన్న ఒక్క మాట ఆ రోజే చెప్పేయండి, లేకపోతే ఆమె మర్నాడే టీసీ కోసం వస్తుంది. కరోనాతో తల్లీ తండ్రీ ఇద్దరూ పోయిన పిల్లలుంటే, వాళ్ళ పేరిట ప్రభుత్వం 10 లక్షలు డిపాజిట్ చేస్తానంది. మరణ ధృవీకరణ పత్రం, పాజిటివ్ రిపోర్టు పారేయొద్దని బంధువులకు చెప్పి, దరఖాస్తు మీ క్లర్కు చేతే రాయించండి. ఆ దుఃఖంలో వాళ్ళకు ఆ ఆలోచన రాదు.

కిరాణా బిల్లులు విడిగా ఒక ఫైల్లో పెట్టించండి. ఆడిట్‌లో ప్రొవిన్షియల్ హౌస్ (సిస్టర్స్ సభ పెద్దాఫీసు) వాళ్ళు తప్పకుండా అడుగుతారు.

ఉంటాను,
మీ రిటైర్డ్ మేడమ్